ఆట మధ్యలో ఆగిపోయే కంప్యూటర్: దోషం యంత్రానిదా, కరెంటుదా?

గుంటూరు: ప్రత్తిపాడు పరిసరాల్లోని ఒక గ్రామంలో మిర్చి రైతు ఇంట మొన్నటి వేసవిలో ప్రతి రాత్రీ ఒకటే తంతు. భోజనాలయ్యాక ఇంజనీరింగ్ చదివే కుమారుడు మేడ మీద గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. గంటో, గంటన్నరో ఆట సాగేది. వున్నట్టుండి తెర నల్లబడి, లోపలి ఫ్యాన్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ తిరిగేవి. కంప్యూటర్ తనంత తానే మొదటి నుంచి మొదలయ్యేది. ఆట పోతే పోయింది, అదే కంప్యూటర్‌లో ఆ అబ్బాయి చివరి సంవత్సరం ప్రాజెక్టు కూడా వున్నది. ఒకసారి ఇలా ఆగినప్పుడు తెరిచి వుంచిన ఫైలు పాడై, వారం రోజుల పని వృథా అయింది.

పట్నంలో ఒక దుకాణానికి తీసుకుపోతే, అక్కడ అరగంట నడిపి చూసి, "మదర్‌బోర్డు పోయింది, గ్రాఫిక్స్ కార్డు కూడా అనుమానమే" అన్నారు. ఆ రెండూ మార్చాలంటే కొత్త కంప్యూటర్‌లో సగం ఖర్చు. ధర లేని రోజుల్లో కోల్డ్ స్టోరేజీలోని మిర్చి టిక్కీలు తెగనమ్మితే తప్ప ఆ డబ్బు రాదు. ఆ రైతు ఒప్పుకోలేదు. ఆయనకు కంప్యూటర్ సంగతి తెలియదు. కాని పాతికేళ్లుగా బోరు మోటారుతో కాపురం చేసిన మనిషి. "ఏరా, పగలు ఆడితే ఆగడం లేదు. రాత్రి ఆడితేనే ఎందుకు ఆగుతున్నది? ముందు అది చెప్పు" అని అడిగాడు.

ఆ ఒక్క ప్రశ్నతో సగం జబ్బు తేలిపోయింది.

ఇప్పుడు పల్లెల్లో ఇలాంటి కంప్యూటర్లు కొత్త కాదు. చదువు కోసమని కొన్నవీ, ఆటల కోసమని పిల్లలు పట్టుబట్టి కొనిపించినవీ చాలా ఇళ్లలో వున్నాయి. ఆటల మధ్యలో అవి ఆగిపోతున్నాయన్న మాట కూడా తరచు వినిపిస్తున్నది. అలా ఆగిన ప్రతిసారీ వేలకు వేలు పోసి సామాను మార్చనక్కరలేదు. మోటారు ట్రిప్పయినప్పుడు రైతు ఏ వరుసలో చూస్తాడో, ఇక్కడా అదే వరుసలో చూస్తే చాలావరకు సంగతి బయటపడుతుంది.

ఆటలోనే ఎందుకు ఆగుతుంది?

ఉత్తరాలు టైపు చేసేటప్పుడు, పాఠాలు చూసేటప్పుడు కంప్యూటర్ సాధారణంగా 100 వాట్ల లోపు కరెంటు మాత్రమే తీసుకుంటుంది. పెద్ద ఆట తెరవగానే ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు రెండూ పూర్తి బలంతో పనిచేస్తాయి. అప్పుడు 300 నుంచి 500 వాట్ల వరకూ లాగే కంప్యూటర్లున్నాయి. వుత్త బండి లాగే ఎద్దుకూ, నిండు లోడుతో గట్టెక్కే ఎద్దుకూ వున్న తేడా అది. ఎక్కడ బలహీనత వున్నా లోడు పడ్డప్పుడే బయటపడుతుంది.

లాగిన కరెంటంతా చివరకు వేడిగా మారుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత వున్న ప్రాంతం మనది. రాష్ట్రంలోనే ఎండలకు పేరుబడ్డ రెంటచింతల వున్నది ఈ సీమలోనే. రేకుల గదిలోనో, ఎండకు కాగిన శ్లాబు కిందనో గాలి 40 డిగ్రీలు వుంటే, కంప్యూటర్ లోపలి గాలి అంతకంటే చల్లగా ఎలా వుంటుంది? ఫ్యాను గాలిని కదిలిస్తుందే గాని చల్లబరచదు. పైగా మిర్చి కల్లాల ధూళి, పత్తి నూగు ఇంట్లోకి వచ్చి పడతాయి. నూగు పోయి వేడిని తీసివేసే లోహపు రెక్కల మధ్య పట్టులా అల్లుకుంటుంది. ఇక ఫ్యాను ఎంత తిరిగినా గాలి లోపలికి పోదు.

ప్రాసెసరు సుమారు 100 డిగ్రీలకు చేరితే ముందు తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే కాలిపోకుండా వుండేందుకు యంత్రాన్ని ఆపేస్తుంది. ఇది స్టార్టరులో రిలే పడటం వంటిదే. పడిన రిలేను తిట్టి లాభం లేదు, ఎందుకు పడిందో చూడాలి.

ఆగే తీరు గమనించండి

ముందుగా ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఆగిన ప్రతిసారీ తేదీ, గంట, అప్పటికి ఎంతసేపు ఆడారు, ఆ సమయంలో ఇంట్లో ఇంకేమి నడుస్తున్నవి రాసుకోవాలి. నాలుగు రోజుల లెక్క చూస్తే దారి కనబడుతుంది.

ఆట నెమ్మదించి, ఫ్యాన్లు హోరెత్తి, ఆ తర్వాత ఆగితే వేడి మీద అనుమానపడాలి. ఆట మొదలైన నిమిషాల్లోనే, బరువైన దృశ్యం రాగానే ఠక్కున ఆగితే కరెంటు అందించే భాగాల మీద అనుమానపడాలి. ఫ్రిజ్ గాని, నీళ్ల మోటారు గాని ఆన్ అయినప్పుడే ఆగితే ఓల్టేజీ మీద చూపు పెట్టాలి. ఆగేముందు నీలి తెర మీద అక్షరాలు కనబడితే మెమొరీ గాని, డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ గాని కారణం కావచ్చు.

నీలి తెర చదివేలోగానే మాయమవుతున్నదని కొందరంటారు. విండోస్ అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ అనే చోట ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ కావడానికి పెట్టిన టిక్కు తీసివేస్తే, ఆ తెర అలాగే నిలిచివుంటుంది. ఫోనుతో ఫొటో తీసుకోవచ్చు.

మరొక మాట. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే నమోదు చూపి "ఎస్ఎంపీఎస్ పోయింది" అని తేల్చేవారున్నారు. సక్రమంగా మూయకుండానే యంత్రం ఆగిందని మాత్రమే ఆ నమోదుకు అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు. దాన్ని చూసి సామాను కొనరాదు.

పైసా ఖర్చు లేని పరీక్షలు

ఒకసారికి ఒకటే మార్పు చేయాలి. నాలుగూ కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదటిది ప్లగ్గు. గంటసేపు ఆడాక కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి పైభాగం తాకి చూడండి. వేడెక్కినా, సాకెట్ దగ్గర నల్లటి మచ్చ వున్నా, మాడు వాసన వచ్చినా లోపల తీగె వదులైందన్న మాటే. మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్ చేత బిగించుకోవాలి. ఒకే జంక్షన్ బాక్సు మీద కంప్యూటర్, కూలరు, ఇస్త్రీపెట్టె పెట్టడం మానుకోవాలి.

రెండవది యూపీఎస్. ఇళ్లలో సాధారణంగా వాడే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది దాదాపు 360 వాట్లే. డబ్బా మీది 600 అంకె చూసి 600 వాట్లు అనుకోవడం పొరపాటు. ఒక రోజు యూపీఎస్ పక్కనబెట్టి, గోడ ప్లగ్గు నుంచి నేరుగా నడిపి చూడండి.

మూడవది దుమ్ము. ప్లగ్గు పూర్తిగా తీసి, పక్క రేకు విప్పి, ఆరుబయట మెత్తని పెయింటు బ్రష్షుతో రెక్కల మధ్య నూగు తీయాలి. బ్లోయర్ వాడితే ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. లేకపోతే అది విపరీతమైన వేగంతో తిరిగి పాడవుతుంది. కొన్నేళ్లు గడిచిన యంత్రమైతే ప్రాసెసరు మీది థర్మల్ పేస్టు ఎండిపోయి వుండవచ్చు. దాన్ని కొత్తగా వేయించడం పెద్ద ఖర్చు కాదు.

నాలుగవది వేడి పరీక్ష. పక్క రేకు తీసి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టి ఆడి చూడాలి. ఆగడం మానితే దోషం వేడిదే. కూలరు గాలి మాత్రం నేరుగా కొట్టనీయరాదు, అందులో తేమ వుంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో లోపలి డిగ్రీలు కూడా చూడవచ్చు.

అయిదవది, ఆట సెట్టింగుల్లో ఫ్రేముల వేగాన్ని 60కి కట్టడి చేయడం. దీనితో లోడు, వేడి రెండూ తగ్గుతాయి. అప్పుడు ఆగకపోతే మెమొరీ, డ్రైవర్ల కంటే ముందు కరెంటు, వేడి వైపే వెతకాలి. వేగం కోసం బయోస్‌లో ఓవర్‌క్లాక్ వంటి మార్పులు చేసివుంటే వాటిని మామూలు స్థితికి తేవాలి. విండోస్‌లోనే వున్న మెమొరీ పరీక్షను ఒక రాత్రి నడిపి చూడాలి.

ఇన్ని చూశాక కూడా బరువైన దృశ్యాల్లో ఠక్కున ఆగుతుంటే అప్పుడు ఎస్ఎంపీఎస్ మీద అనుమానం బలపడుతుంది. గ్రాఫిక్స్ కార్డుకు రెండు కరెంటు సాకెట్లుంటే, ఒకే తీగెకున్న రెండు కొసలు పెట్టకుండా, ఎస్ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు తీగెలు తేవడం మేలు. తగినన్ని వాట్లున్న మరో ఎస్ఎంపీఎస్‌ను తెలిసినవారి దగ్గర అడిగి తెచ్చి పరీక్షించాకే కొత్తది కొనాలి.

చేయకూడని పనులు

ఎస్ఎంపీఎస్ డబ్బాను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచివుంటుంది. ఫ్యూజు పోతున్నదని లావు తీగె చుట్టరాదు.

కంప్యూటర్ రేకు తాకితే జివ్వుమంటున్నదని చాలామంది చెబుతుంటారు. చాలాచోట్ల ఎర్తింగు లేకపోవడమే అందుకు కారణం. ఇంటికి ఎర్తు గొయ్యి తీసి, ఉప్పు, బొగ్గు వేసి, వేసవిలో నీళ్లు పోస్తుండాలి. ఎర్తు పిన్నును న్యూట్రల్‌కు కలిపి సరిపెట్టడం ప్రాణాల మీదికి తెచ్చే పని. న్యూట్రల్ తెగిన రోజున డబ్బా అంతా కరెంటు పారుతుంది.

అసలు దోషం ఇదీ

ఇక ఆ మిర్చి రైతు ఇంటి సంగతి. నోటుపుస్తకం లెక్క చూస్తే ఆగిన ప్రతిసారీ రాత్రి 8, 10 గంటల మధ్యనే. ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తే పగలు 225 ఓల్టులు, రాత్రి 190కి అటూ ఇటూ. ఓల్టేజీ అంతగా పడిపోయినప్పుడల్లా యూపీఎస్ బ్యాటరీ మీదికి మారుతున్నది. దాని శక్తి 360 వాట్లు, ఆటలో కంప్యూటర్ లాగేది అంతకంటే ఎక్కువ. మారే ఆ క్షణంలో యూపీఎస్ తడబడితే కంప్యూటర్ పడిపోతున్నది. పడగానే లోడు తగ్గుతుంది కనుక యూపీఎస్ మళ్లీ నిలబడి, కంప్యూటర్ తిరిగి మొదలవుతున్నది. పగలు ఓల్టేజీ బాగుంటుంది, బ్యాటరీతో పని లేదు, కనుక ఆగదు. దుకాణంలో అరగంట నడిపితే తెలియనిది ఇదే.

ఎస్ఎంపీఎస్ మీద 100 నుంచి 240 ఓల్టులని రాసివున్నది. అంటే అది 190లోనూ పనిచేస్తుంది. యూపీఎస్ తీసి గోడకు నేరుగా పెట్టి మూడు రాత్రులు చూశారు. ఒక్కసారి కూడా ఆగలేదు. మదర్‌బోర్డు బాగానే వున్నది, గ్రాఫిక్స్ కార్డు బాగానే వున్నది. మిర్చి టిక్కీలు కోల్డ్ స్టోరేజీలోనే వున్నాయి. తర్వాత ఆ కుటుంబం లోడుకు తగిన పెద్ద యూపీఎస్ కొన్నది. పాతదాన్ని ఇంటర్నెట్ పెట్టెకు వాడుకుంటున్నారు. ప్రాజెక్టు ఫైలు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో కూడా వుంచడం అబ్బాయి అలవాటు చేసుకున్నాడు.

అందరి ఎస్ఎంపీఎస్‌లూ ఇలా వుండవు. 200 నుంచి 240 ఓల్టులని మాత్రమే రాసివున్నవీ వున్నాయి. తక్కువ ఓల్టేజీ గల ఊళ్లలో అవి నిలవవు. అందుకే కొనేముందు చీటీ చదవాలి.

అయితే యూపీఎస్ మార్చినంత మాత్రాన ఊరి ఓల్టేజీ బాగుపడదు. ఇళ్లకు ఇచ్చే సరఫరా 230 ఓల్టులు వుండాలి, 6 శాతానికి మించి ఎక్కువ తక్కువలు వుండరాదన్నది నిబంధన. అంటే 216కు దిగువకు పోరాదు. 190 ఓల్టులతో కంప్యూటర్ ఏదో విధంగా నడిచినా, ఫ్రిజ్‌లు, నీళ్ల మోటార్లు వేడెక్కి కాలిపోయే ప్రమాదం వుంది. నాలుగు రాత్రుల రీడింగులు గంటలతో సహా రాసి, 1912 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. "కరెంటు సరిగా లేదు" అన్న మాటకు లేని బలం అంకెలకు వుంటుంది. ఊరిలో పది ఇళ్లవారు కలిసి ఇస్తే మరీ మంచిది. పెరిగిన కూలర్లు, ఏసీల లోడుకు తగినట్టు ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యం పెంచే విషయమై విద్యుత్ అధికారులు వేసవికి ముందే శ్రద్ధ వహించవలసివున్నది.

ఇంతకూ ఆ ఇంట ఒక మార్పు జరిగింది. ఆట పేరెత్తితే మండిపడే తండ్రి, ఇప్పుడు రాత్రి పడుకోబోయేముందు మేడ ఎక్కి "ఓల్టేజీ ఎంతున్నదిరా?" అని అడిగి వస్తున్నాడు. కొడుకు మీటరు చూసి చెబుతున్నాడు. మర్నాడు బోరు మోటారు స్టార్టరు పడిపోతే, ఏమయిందో చూడటానికి ఇద్దరూ కలిసే చేలోకి వెళుతున్నారు.