కంపెనీ డిన్నర్‌లో ఎడమ చేత్తో తినాలా?

"ఉద్యోగం వచ్చింది, మొదటి వారంలోనే టీమ్ డిన్నర్ అంట, ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలి?" గుడివాడ నుంచి, అవనిగడ్డ నుంచి ఇలా అడుగుతూనే ఉంటారు. నవ్వుకునే ప్రశ్న కాదిది. ప్లేటు వైపు చూస్తూ, భయంతో నోరు విప్పకుండా కూర్చుంటారు చాలామంది. పక్కనున్న మేనేజర్‌కి అది భయమని తెలీదుగా. ఈ మనిషికి మాతో కలవడం ఇష్టం లేదనుకుంటాడు. నష్టం అక్కడ.

ముందు ఒక మాట. మనకి టేబుల్ మేనర్స్ రావనుకోకండి. విజయవాడలో పెళ్ళి బంతిలో కూర్చున్నవాళ్ళకి బోలెడు రూల్స్ వచ్చు. ఆకు కొస ఎడమ వైపు ఉండాలి. పక్కవాళ్ళు ఇంకా మజ్జిగన్నంలో ఉండగా లేవకూడదు. తింటున్న చేత్తో గరిటె ముట్టుకోకూడదు. ఇవేవీ క్లాసు పెట్టి చెప్పినవి కాదు, అమ్మమ్మ కళ్ళెర్రజేస్తే వచ్చినవి.

మన రూల్స్ చాలావరకు ఎంగిలి చుట్టూ తిరుగుతాయి. పాశ్చాత్యులవి చప్పుడు చుట్టూ, చెంచాల చుట్టూ. చారు జుర్రుకుంటే మనింట్లో ఎవరూ ఏమనరు. అక్కడ సూప్ జుర్రితే తలలు తిరుగుతాయి. (జపాన్‌లో నూడుల్స్ చప్పుడు చేస్తూ తింటే తప్పు లేదు, అది వేరే కథ.)

ఇక ఎడమ చెయ్యి. యూరప్ పద్ధతిలో కత్తి కుడి చేత, ఫోర్కు ఎడమ చేత. ముక్క కోసి ఎడమ చేత్తోనే నోట్లో పెట్టుకుంటారు. మనకి ప్రాణం ఒప్పదు. ఒప్పుకోనక్కర్లేదు కూడా. అమెరికాలో చాలామంది ముక్క కోశాక కత్తి పక్కన పెట్టి, ఫోర్కు కుడి చేతికి మార్చుకుని తింటారు. అదీ మర్యాదే, మీరూ అలాగే చేయండి. బిర్యానీయో రోటీయో వస్తే, పిలిచినవాళ్ళు చేత్తో తింటున్నారేమో ఒకసారి చూసి మీరూ కానివ్వండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. రెండు మూడు ఫోర్కులుంటే బయట వైపుది ముందు. బ్రెడ్ ప్లేటు మీ ఎడమ వైపుది, నీళ్ళ గ్లాసు కుడి వైపుది. న్యాప్‌కిన్ ఒళ్ళో. తినడం అయ్యాక కత్తీ ఫోర్కూ పక్కపక్కనే ప్లేటులో పెడితే సర్వర్‌కి అర్థమవుతుంది. ఫోన్ జేబులో.

అసలు మనవాళ్ళు దెబ్బతినేది మొహమాటం దగ్గర. మన కృష్ణా జిల్లాలో భోజనానికి పిలిస్తే రెండుసార్లు "వద్దండీ, చాలు" అనడం మన మర్యాద. మూడోసారి కొసరి కొసరి వడ్డించడం వాళ్ళ మర్యాద. బయట ఊళ్ళో క్లయింట్ ముందు ఒకసారి వద్దంటే అంతే, మళ్ళీ అడగరు. ఆకలితో రూముకెళ్ళి నూడుల్స్ చేసుకోవాలి! కావాలంటే మొదటిసారే "థ్యాంక్యూ, కొంచెం వేయండి" అనండి. అలాగే బయటి అతిథి మనింటికొచ్చి "నో" అంటే నిజంగానే నో. నెయ్యి గిన్నె పట్టుకుని వెంటపడకండి.

ఆఫీసులో పేరు పెట్టి పిలుచుకుంటున్నాం కదా అని, బీసెంట్ రోడ్డులో షాపు ఓనరు దగ్గరకెళ్ళి, అరవయ్యేళ్ళ మనిషిని "హాయ్ సుబ్బారావ్" అంటే ఆర్డరు రాదు. అక్కడ "గారు" ఉండాలి. కూర్చోమన్నాకే కూర్చోవాలి. టీ ఇస్తే రెండు గుక్కలైనా తాగాలి. విజిటింగ్ కార్డు ఎడమ చేత్తో ఇవ్వకూడదు.

ఇంకోటి, సర్వర్‌ని చిటికేసి, "ఏయ్" అని పిలవకండి. మీ ఫోర్కు ఎవరూ గమనించకపోవచ్చు, ఇది మాత్రం అందరికీ వినిపిస్తుంది.

బిల్లు ఎవరు కట్టాలి? పిలిచినవాళ్ళు. మీరే పిలిస్తే ముందే కౌంటర్‌లో కార్డు ఇచ్చి రండి. లేకపోతే "నేనిస్తా అంటే నేనిస్తా" అని మనవాళ్ళ తోపులాట మొదలవుతుంది. చుట్టాల మధ్య అది బావుంటుంది, క్లయింట్ ముందు బావుండదు. మొదటి వారం టీమ్ డిన్నర్‌లో మాత్రం కంపెనీ పిలిచింది కాబట్టి పర్సు తీయకండి.