పునరుక్తి పోయింది సరే... పునరుద్ధరణ మాటేమిటి?

న్యూఢిల్లీ: దేశ రాజధానిలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ - ఎయిమ్స్‌లో 2022 నవంబరు 23న కంప్యూటర్లు మూగవోయాయి. రోగుల నమోదు మొదలు డిశ్చార్జి వరకు అన్ని పనులూ ‘ఇ-హాస్పిటల్’ అనే ఒకే వ్యవస్థ మీద నడుస్తున్న ఆ ఆసుపత్రిలో సిబ్బంది మళ్లీ కాగితం, కలం చేతబట్టవలసి వచ్చింది. గుర్తుతెలియని దుండగులు ఐదు సర్వర్లలోకి చొరబడ్డారని, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారాన్ని ఎవరూ చదవలేని సంకేతలిపిలోకి మార్చివేశారని ఆ తరువాత ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది.

ఎయిమ్స్‌ను గట్టెక్కించింది ఒక నకలు. దాడి సోకని బ్యాకప్ సర్వరు ఒకటి మిగిలి ఉండడంతో ఇ-హాస్పిటల్ సమాచారమంతా దాని నుంచి రాబట్టి కొత్త సర్వర్లలోకి ఎక్కించారు. అయినా సేవలు చాలావరకు కుదుటపడడానికి రెండు వారాలు పట్టింది. 1.3 టెరాబైట్లంటే నేడు బజారులో దొరికే అరచేతి డిస్కులో ఇమిడిపోయే పరిమాణం. దానిని ఒకచోటి నుంచి మరొకచోటికి ఎక్కించడం గంటల పని. ఆ సమాచారం సర్వర్లపైకి తిరిగి వచ్చిందని, సేవలు ప్రారంభించే ముందు నెట్‌వర్కును శుభ్రపరుస్తున్నామని ఎయిమ్స్ ప్రకటించినది నవంబరు 29న. అంటే దాడి జరిగిన ఆరు రోజులకు. మిగిలిన కాలమంతా కంప్యూటర్లను ఒక్కొక్కటిగా పరీక్షించి, విషం విరిగిందని నమ్మకం కుదుర్చుకోవడానికే సరిపోయింది.

ఢిల్లీ, గుర్‌గ్రామ్, నోయిడాలలోని పెద్ద సంస్థలు బ్యాకప్ యంత్రాలను ఎంచుకునే వేళ ఈ రెండు వారాల సంగతి గుర్తుంచుకోవలసి ఉంది. ఎందుకంటే డిస్కులపై ఆధారపడి, ‘డీ-డూప్లికేషన్’ పద్ధతిలో పనిచేసే ఈ యంత్రాల బేరసారాలు సాధారణంగా మొదలయ్యేది మరో ప్రశ్నతో: ఎన్ని రెట్లు కుదిస్తుంది?

డీ-డూప్లికేషన్ అంటే పునరుక్తి నివారణ. వెయ్యి శుభలేఖలు అచ్చువేస్తే లోపలి మాటలన్నీ ఒకటే, మారేది కవరుపై పేరు మాత్రమే. వెయ్యింటినీ దాచే బదులు ఒక్క శుభలేఖను, వెయ్యి పేర్ల జాబితాను దాచుకుంటే చాలు. యంత్రం చేసేదీ ఇంతే. వచ్చిన సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ వేలిముద్ర వంటి ఒక సంఖ్యను లెక్కకడుతుంది. ఆ సంఖ్య ఇదివరకే పట్టికలో ఉంటే ముక్కను మళ్లీ రాయదు, ‘ఫలానాచోట ఉన్నది’ అని గుర్తు మాత్రం పెట్టుకుంటుంది. టేపుల మీద వారం వారం అదే సమాచారాన్ని మళ్లీ మళ్లీ ఎక్కించే పాత అలవాటుకు ఇది గట్టి పోటీ అయింది. 2001లో అమెరికాలో పుట్టిన డేటా డొమైన్ అనే సంస్థ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. 2009లో దానికోసం నెట్‌యాప్, ఇ.ఎం.సి. పోటాపోటీగా పాట పాడగా, ఇ.ఎం.సి. 200 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి చేజిక్కించుకుంది. ఇ.ఎం.సి.ని 2016లో డెల్ కొనుగోలు చేసింది.

ఇక రెట్ల సంగతి. ఒక సంస్థ వద్ద 100 టెరాబైట్ల సమాచారం ఉన్నదని, వారానికి రెండు శాతం మాత్రమే కొత్తదని అనుకుందాం. వారానికొక పూర్తి నకలు చొప్పున 12 వారాలు దాస్తే కాగితం మీద 1,200 టెరాబైట్లు. డిస్కు మీద మాత్రం మొదటి 100, ఆపై పదకొండు వారాలకు 22, మొత్తం 122 టెరాబైట్లే. అంటే దాదాపు పది రెట్లు. అవే నకళ్లను 24 వారాలు దాస్తే 2,400కు బదులు 146, పదహారు రెట్లు! యంత్రం మారలేదు, పనితనం పెరగలేదు, దాచిన కాలం మాత్రమే పెరిగింది. అమ్మకందారు చెప్పే పది రెట్లు, ఇరవై రెట్లు అబద్ధం కాకపోవచ్చు. కాని అవి యంత్రం గొప్పతనమా, వారాల లెక్కా అని విడదీసి అడిగే కొనుగోలుదారులు తక్కువ.

సమాచారం స్వభావమూ ముఖ్యమే. ఒకే పోలిక గల వందల కంప్యూటర్ల నకళ్లు, ఉద్యోగుల ఉత్తరాలు, ఒకే దస్త్రపు పలు ప్రతులు చక్కగా కుదించుకుపోతాయి. ముందే కుదించిన ఎక్స్‌రే, స్కానింగు చిత్రాలు, నిఘా కెమెరాల వీడియోలు పెద్దగా తగ్గవు. సంకేతలిపిలోకి మార్చిన తరువాత బ్యాకప్‌కు పంపితే ఏ ముక్కా మరో ముక్కను పోలదు కనుక లాభం దాదాపు శూన్యం. భద్రతా విభాగం ఒకవైపు సంకేతలిపి తప్పనిసరి చేసి, కొనుగోలు విభాగం మరోవైపు ఇరవై రెట్ల లెక్కతో చిన్న యంత్రానికి ఆర్డరు ఇస్తే కొద్ది నెలలకే డిస్కులు నిండిపోతాయి.

అంతకంటే చిక్కు తిరిగి తీసుకునేటప్పుడు ఉంది. తాజా నకలుకు చెందిన ముక్కలు కొన్ని ఈ వారం రాసినవి, కొన్ని ఆరు నెలల కిందటివి. డిస్కు నిండా చెల్లాచెదురుగా పడి ఉంటాయి. వాటిని ఏరి కూర్చడంలో వేగం పడిపోతుంది. ఆపదలో అందరికీ కావలసింది ఆ తాజా నకలే! సెకనుకు ఒక గిగాబైటు చొప్పున వస్తే 100 టెరాబైట్లకు సుమారు 28 గంటలు. అదే వేగం నాలుగోవంతుకు పడిపోతే 111 గంటలు, అంటే నాలుగున్నర రోజులకు పైమాటే. టెండరు పత్రాలలో లోనికి వెళ్లే వేగం పెద్ద అక్షరాలలో కనిపిస్తుంది. బయటికి వచ్చే వేగం అడిగితే గాని చెప్పరు. పైగా ఒక్క ముక్క చెడిపోతే దానిపై ఆధారపడిన నకళ్లన్నీ చెడినట్లే. కనుక ముక్కలను ఎప్పటికప్పుడు సరిచూసుకునే ఏర్పాటు, మరోచోట రెండో ప్రతి ఉండి తీరాలి.

రెండో ప్రతి విషయంలో మాత్రం ఈ పద్ధతికి సాటి లేదని ఒప్పుకోవాలి. మొదటి నకలు చేరిన తరువాత తీగల మీద పంపవలసినది కొత్త ముక్కలనే. పై ఉదాహరణలో వారానికి రెండు టెరాబైట్లు. 2002 నాటి భూకంప పటంలో ఢిల్లీ నాలుగో మండలంలో, హైదరాబాద్ రెండో మండలంలో ఉన్నాయి. ఢిల్లీలోనూ హైదరాబాద్‌లోనూ నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్‌కు జాతీయ డేటా కేంద్రాలున్నాయి. నోయిడాలో నకలు తీసి నోయిడాలోనే దాచే సంస్థకు దూరం ఖరీదైన సంగతని చెప్పుకునే వీలు ఇప్పుడు తగ్గింది. కంపెనీలు ఖాతా పుస్తకాల బ్యాకప్‌ను దేశంలోని సర్వర్లలో ప్రతిరోజూ భద్రపరచాలని 2022 ఆగస్టులో నిబంధనలు సవరించారు కూడా.

పరిమాణం పెద్దదని నకలే తీయకపోతే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపింది. 2025 సెప్టెంబరు 26న డేజియన్ నగరంలోని జాతీయ సమాచార వనరుల కేంద్రంలో మంటలు చెలరేగి, ప్రభుత్వోద్యోగులు దస్త్రాలు దాచుకునే ‘జి-డ్రైవ్’ కాలిపోయింది. అందులోని 858 టెరాబైట్లకు బయట మరో నకలు లేదు.

ఇవన్నీ ప్రమాదాలు. దుండగుల తీరు వేరు. వారు అసలు సర్వర్ల కంటే ముందు బ్యాకప్‌నే వెతుకుతారు, దాన్ని చెరిపివేస్తే గాని బాధితుడు బేరానికి రాడు. ఎయిమ్స్ నెట్‌వర్కు విభజన సరిగా లేకపోవడమే చొరబాటుకు దారితీసిందని ప్రభుత్వమే చెప్పింది. అటువంటి చోట బ్యాకప్ యంత్రానికీ అదే నెట్‌వర్కు, అదే అధికారి సంకేతపదం ఉంటే ఎన్ని రెట్లు కుదించినా ఏమి ప్రయోజనం? గడువు తీరేవరకు అధికారి సైతం చెరపలేని తాళం, యంత్రపు గడియారాన్ని ముందుకు జరిపి ఆ గడువును మోసగించలేని కట్టడి, వేరే సంకేతపదాలు కావాలి. ఏమాత్రం తీగ సంబంధం లేని ఒక ప్రతి బీరువాలో ఉండడమూ మేలు. పాతబడిందనుకున్న టేపును పలు సంస్థలు ఇప్పటికీ వదలకపోవడానికి ఇదొక కారణం.

కొనుగోలుకు ముందు పరీక్ష అమ్మకందారు తెచ్చిన నమూనా సమాచారంతో కాక, సంస్థ సొంత సమాచారంతో జరగాలి. అదీ ఒక పూట ప్రదర్శనగా కాదు. కొన్ని వారాలపాటు నకళ్లు ఎక్కించి, డిస్కులు ముప్పాతిక వంతు నిండిన తరువాత, మొదటి వారపు నకలునూ చివరి వారపు నకలునూ ఖాళీ సర్వర్లలోకి తిరిగి రప్పించి, రెండింటికీ పట్టిన గంటలను టెండరులో రాసుకోవాలి.