సిరామిక్ పూతకు ముందు సిమెంటు దుమ్ము వదలాలి
మెట్ట ప్రాంత కార్ల యజమానులు తెలుసుకోవలసిన సంగతులు

జగ్గయ్యపేట: కొత్త కారు కొన్నవారు, పాత కారుకు మళ్ళీ మెరుపు తేవాలనుకునేవారు ఇటీవలి కాలంలో ‘సిరామిక్ కోటింగ్’ వైపు మొగ్గు చూపుతున్నారు. దీనికి వేల రూపాయలు ఖర్చవుతుంది. అయితే ఆ డబ్బుకు ఫలితం దక్కడమన్నది సీసాలోని మందు కంటే, దాన్ని పూసే ముందు కారు రంగును ఎంత శ్రద్ధగా సిద్ధం చేశారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల వారు ఈ విషయంలో మరింత జాగ్రత్త పడాలి. ఇక్కడి దుమ్మే అందుకు కారణం.

2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళిన ఈ మెట్ట ప్రాంతం సున్నపురాయికి పేరుపడింది. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం శిల్పాలను చెక్కింది కూడా సున్నపురాయి పలకల మీదే. ఆ రాయి ఉన్నందువల్లనే జయంతిపురం, ముక్త్యాల వంటి చోట్ల సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. ఒకప్పుడు 9వ నంబరుగా ఉండి ఇప్పుడు 65వ నంబరుగా మారిన హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి ఈ రెండు పట్టణాల మీదుగానే సాగుతుంది. రాయి, సిమెంటు, ఇసుక మోసే లారీల వెంట లేచే దుమ్ము, నల్లరేగడి చేల నుంచి వచ్చే మట్టి కలిసి కారు మీద పేరుకుంటాయి.

పొడి గుడ్డతో తుడవరాదు

మామూలు మట్టి నీళ్ళు పోస్తే పోతుంది. సిమెంటు సంగతి వేరు. తడి తగిలితే గట్టిపడడం దాని గుణం. శీతాకాలంలో రాత్రి కురిసిన మంచుకు బానెట్టు మీది సిమెంటు పొడి తడిసి, పొద్దెక్కే సరికి సన్నని పెచ్చులా అతుక్కుంటుంది. పైగా దానికి క్షార గుణం ఉన్నందున ఎక్కువ కాలం వదిలేస్తే రంగు వెలవెలబోతుంది.

పొద్దున్నే పాత పంచె ముక్క తీసుకుని కారును పొడిగా తుడవడం చాలామందికి అలవాటు. రంగుకు ఎక్కువ చేటు జరిగేది ఇక్కడే. గుడ్డ కింద నలిగే సిమెంటు రేణువులు, ఇసుక గింజలు రంగు మీద సన్నని గీతలు పెడతాయి. ఎండలో నిలబడి చూస్తే సాలెగూడులా కనిపించేవి ఈ గీతలే. ముందు కాస్త దూరం నుంచి నీటి ధార కొట్టి దుమ్మును వదిలించాలి. తరువాత కార్ల షాంపూ నురగ పట్టించి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో పై నుంచి కిందికి కడగాలి. షాంపూ నీళ్ళకు ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి మరో బకెట్టు విడిగా పెట్టుకోవాలి.

అప్పటికీ వదలని సిమెంటు చుక్కలను పలుచన చేసిన వెనిగర్‌తో కరిగించవచ్చు. ముందుగా కనిపించని మూల చిన్న చోట పరీక్షించి చూడాలి. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే రాసి, ఒకటి రెండు నిమిషాల్లో పుష్కలంగా నీళ్ళు పోసి కడిగేయాలి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను మాత్రం కారు దరిదాపులకు రానీయకూడదు. అది రంగునూ, క్రోమియం భాగాలనూ తినేస్తుంది.

బోరు నీటి మచ్చలు

కడగడానికి వాడే నీటిని కూడా చూసుకోవాలి. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకపోవడం మంచిదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తాయి. సున్నపురాయి నేలల్లోని బోరు నీటిలో సున్నం పాలు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. అలాంటి నీళ్ళతో కడిగి ఎండలో వదిలేస్తే తెల్లని మచ్చలు పడతాయి. కడిగిన వెంటనే తడి లేకుండా అద్ది తీయాలి. ఆ మచ్చల మీదే పూత వేస్తే అవి దాని అడుగున అలాగే ఉండిపోతాయి.

కడిగిన కారు కంటికి శుభ్రంగా కనిపించినా పని పూర్తయినట్టు కాదు. బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను రంగులో గుచ్చుకుని ఉంటుంది. ఇందుకోసం దొరికే మందును చల్లితే ఇనుము ఉన్న చోట ఊదా రంగు ధార కారుతుంది. తారు మరకలకు వేరే ద్రావకం ఉంది. చివరగా ‘క్లే బార్’ అనే మెత్తని ముద్దను తడి చేసి రంగు మీద మెల్లగా జరిపితే మిగిలిన గరుకు పోతుంది. పలుచని ప్లాస్టిక్ సంచి చేతికి తొడుక్కుని బానెట్టును నిమిరి చూస్తే గరుకు ఉన్నదీ లేనిదీ ఎవరికైనా తెలుస్తుంది. ముద్ద కింద పడితే ఇసుక అంటుకుంటుంది కాబట్టి దాన్ని మళ్ళీ వాడకూడదు.

వెంట్రుక కంటే పలుచన

అంబాసిడర్ కార్ల రోజుల్లో రబ్బింగ్ చేస్తే గుడ్డకు రంగు అంటుకునేది. ఇప్పటి కార్లలో ఎక్కువ వాటికి రంగు మీద పారదర్శకమైన క్లియర్ కోటు ఉంటుంది. ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. ప్రైమరు, రంగు, క్లియర్ కోటు మూడూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటాయి. అందులో క్లియర్ కోటు వాటా సుమారు 40 మైక్రాన్లు. ఇది తల వెంట్రుక కంటే పలుచన. మిషనుతో పాలిష్ పట్టి గీతలు తీయడమంటే ఈ పొరనే కొద్దికొద్దిగా అరగదీయడమని గుర్తుంచుకోవాలి. ప్రతి ఏటా గట్టిగా బఫింగ్ చేయిస్తే కొన్నాళ్ళకు ఆ పొర పోయి రంగు బయటపడుతుంది.

అందుకే తెలిసిన పనివారు ముందుగా మందం కొలిచే మీటరు పెట్టి చూస్తారు. ఇనుప రేకు మీద అంకె మరీ పెద్దదిగా వస్తే అక్కడ లప్పం పెట్టి మళ్ళీ రంగు వేశారని అర్థం. పాత కారు కొనేవారికి కూడా ఈ పరీక్ష పనికివస్తుంది. టింకరింగ్ చేయించి కొత్తగా రంగు వేయించిన భాగానికి వెంటనే పూత వేయకూడదు. రంగు పూర్తిగా ఆరడానికి నెల రోజులు ఆగడం మేలు.

పాలిష్ పని అయ్యాక దాని నూనె జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలు కలిపిన ద్రవంతో తుడిచివేయాలి. జిడ్డు మిగిలితే పూత రంగును పట్టుకోదు. జిడ్డు కప్పిన గీతలు కూడా ఈ దశలోనే బయటపడతాయి. యజమాని దగ్గర ఉండి చూసుకోవలసిన సమయం ఇదే.

ఆ తరువాతే పూత. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండల్లో వేడెక్కిన రేకు మీద వేస్తే తుడిచే లోపే బిగిసి చారలు పడతాయి. నీడలో, దుమ్ము రాని షెడ్డులో చేయించాలి. వేసిన తరువాత ఒక రోజు నీరు తగలనీయకూడదు. వారం దాకా షాంపూ పెట్టకూడదు. గుడి దగ్గర వాహన పూజ చేయించదలిస్తే పూతకు ముందే చేయించుకుని, పసుపు, కుంకుమ ఆ రోజే కడిగేసుకోవడం మంచిది.

‘9 హెచ్’ అంటే ఏమిటి?

‘9 హెచ్ గట్టిదనం’ అన్న ప్రకటన చూసి చాలామంది రాయి తగిలినా ఏమీ కాదనుకుంటారు. అది పెన్సిలు మొనతో గీసి చూసే పరీక్షలోని అంకె మాత్రమే. కొద్ది మైక్రాన్లకు మించని పూత లారీ టైరు నుంచి ఎగిరిపడే కంకరను ఆపలేదు. నీరు నిలవకుండా జారడం, మురికి తేలికగా వదలడం, మెరుపు కొంతకాలం నిలవడం - దీనివల్ల ప్రయోజనాలు ఇవే. పూత ఉన్నా సిమెంటు దుమ్మును కడుగుతూ ఉండాల్సిందే.

పనివారి ఆరోగ్యాన్ని కూడా పట్టించుకోవాలి. ఇనుప రజను తీసే మందు ఘాటుగా ఉంటుంది. క్లియర్ కోటు గట్టిపడడానికి కలిపే హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెచ్చిపెడతాయి. మూతికి జేబురుమాలు కట్టుకుంటే చాలదు. తగిన మాస్కు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు సమకూర్చడం షెడ్డు యజమాని బాధ్యత.

డబ్బు చెల్లించేవారు ఏ ఏ పనులు చేస్తారో, హామీ ఎన్నేళ్ళో బిల్లు మీద రాయించుకోవాలి. మోసపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపయితే రుసుము కూడా లేదు. పాలిష్ ముగిసి, జిడ్డు తుడిచిన తరువాత కారును ఒకసారి ఎండలోకి తెప్పించి చూసుకోవాలి. మచ్చలు, గీతలు కనిపిస్తే అవి పోయేదాకా పూత సీసా మూత తీయనివ్వకూడదు.