భారత పార్లమెంటు సందర్శన

భారత పార్లమెంటు సందర్శన అనగా సభ్యులు గాని, ఉద్యోగులు గాని కాని పౌరులు న్యూఢిల్లీలోని పార్లమెంటు భవనంలోనికి ప్రవేశించి, లోక్‌సభ, రాజ్యసభల కార్యక్రమాలను సందర్శకుల గ్యాలరీల నుండి ప్రత్యక్షంగా చూడటం. ఇందుకు రుసుము లేదు. అయితే ఇది పౌరునికి రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు. ఒక పార్లమెంటు సభ్యుని సిఫారసుపై, సభాధ్యక్షుని ఆదేశాలకు లోబడి లభించే అనుమతి మాత్రమే. చట్టసభ ప్రజల కళ్ళ ముందు పనిచేయాలన్న ఆశయానికి, సభ్యుల భద్రతకు మధ్య సమతూకం ఎలా సాధించాలన్నది 1929 నుండి ఈ విషయంలో ప్రధానమైన ప్రశ్నగా ఉన్నది.

నిబంధనలు

పార్లమెంటు సమావేశాలు బహిరంగంగా జరగాలని భారత రాజ్యాంగంలో ప్రత్యేకంగా చెప్పలేదు. 118వ అధికరణం ప్రకారం ఉభయ సభలు తమ నిర్వహణ నియమాలను తామే రూపొందించుకుంటాయి. లోక్‌సభ నియమాలలో 386వ నియమం ప్రకారం బయటివారి ప్రవేశాన్ని స్పీకరు క్రమబద్ధం చేస్తారు. 387వ నియమం ప్రకారం అవసరమని భావించినపుడు వారిని బయటకు పంపవలసిందిగా ఆదేశించవచ్చు. రాజ్యసభలో ఈ అధికారం ఛైర్మన్‌కు ఉంటుంది. ఈ నియమాల ఆంగ్ల మూలంలో సందర్శకులను "స్ట్రేంజర్స్" అని, అనగా పరాయివారని, పేర్కొన్నారు. ఇది బ్రిటిషు పార్లమెంటు సంప్రదాయం నుండి వచ్చిన మాట.

సభా నాయకుడు కోరినపుడు రహస్య సమావేశం జరపడానికి 248వ నియమం వీలు కల్పిస్తుంది. అటువంటి సమావేశం జరిగే సమయంలో గ్యాలరీలలో సందర్శకులను ఉండనివ్వరు. 1962లో చైనాతో యుద్ధం జరుగుతున్నపుడు రహస్య సమావేశం జరపాలన్న సూచన రాగా, ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ అందుకు అంగీకరించలేదు. చర్చ బహిరంగంగానే జరిగింది.

ప్రవేశ పత్రం పొందే విధానం

పార్లమెంటు సాధారణంగా ఏడాదికి మూడు పర్యాయాలు సమావేశమవుతుంది. అవి బడ్జెటు, వర్షాకాల, శీతాకాల సమావేశాలు. సభ జరిగే రోజులలో గ్యాలరీలోనికి వెళ్ళదలచినవారు ఎవరైనా ఒక పార్లమెంటు సభ్యుని ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. సాధారణంగా ముందురోజే దరఖాస్తు అందజేయాలి. సందర్శకుడు తన బంధువు లేదా మిత్రుడు లేదా తనకు స్వయంగా తెలిసిన వ్యక్తి అని, అతని పూర్తి బాధ్యత తనదేనని సభ్యుడు దానిపై సంతకం చేయాలి.

ఈ సంతకమే మొత్తం విధానానికి మూలాధారం. ఆంధ్ర ప్రదేశ్ నుండి లోక్‌సభకు 25 మంది, రాజ్యసభకు 11 మంది సభ్యులున్నారు. తెలంగాణ నుండి 17 మంది, 7 మంది ఉన్నారు. ఒక్కొక్క లోక్‌సభ సభ్యుడు లక్షలాది ఓటర్లకు ప్రాతినిధ్యం వహిస్తాడు కనుక, వచ్చిన ప్రతి ఒక్కరినీ సభ్యుడు స్వయంగా ఎరిగి ఉండటం సాధ్యం కాదు. దరఖాస్తులు సభ్యుని కార్యాలయ సిబ్బంది ద్వారా నడవటం పరిపాటి. మరోవైపు, ఏ సభ్యునితోనూ పరిచయం లేని పౌరునికి ప్రవేశం పొందటం కష్టం.

ప్రవేశ పత్రం నిర్ణీత సమయానికి మాత్రమే చెల్లుతుంది. దానిని మరొకరికి బదిలీ చేయరాదు. పదేళ్ళలోపు పిల్లలకు గ్యాలరీలలో ప్రవేశం లేదు. లోక్‌సభలో ఉదయం 11 గంటలకు ప్రశ్నోత్తరాల సమయం మొదలవుతుంది. రాజ్యసభలో 2014 నుండి ఇది మధ్యాహ్నం 12 గంటలకు జరుగుతున్నది.

గ్యాలరీలో ప్రవర్తన

సామాన్య సందర్శకుల గ్యాలరీతో పాటు పత్రికా ప్రతినిధులకు, విశిష్ట అతిథులకు, దౌత్యవేత్తలకు, అధికారులకు వేర్వేరు గ్యాలరీలు ఉంటాయి. సందర్శకులు నిశ్శబ్దంగా కూర్చోవాలి. మొబైలు ఫోన్లు, కెమెరాలు, సంచులు లోనికి తీసుకువెళ్ళరాదు. చప్పట్లు కొట్టటం, నినాదాలు చేయటం, కరపత్రాలు విసరటం, కటకటాలపైకి వంగటం నిషిద్ధం. వీటిని ఉల్లంఘించినవారిని 387-ఎ నియమం ప్రకారం అదుపులోనికి తీసుకుంటారు. నినాదాలు చేసినవారిని సభా ధిక్కారం కింద, సభ తీర్మానం ద్వారా జైలుకు పంపిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇటువంటి శిక్షకు న్యాయస్థానపు విచారణ అవసరం లేదు.

చరిత్ర

పాత పార్లమెంటు భవనానికి 1921 ఫిబ్రవరి 12న శంకుస్థాపన జరిగింది. ఎడ్విన్ లుట్యెన్స్, హెర్బర్ట్ బేకర్ రూపకల్పన చేసిన ఈ వృత్తాకార భవనాన్ని 1927 జనవరి 18న వైస్రాయి లార్డ్ ఇర్విన్ ప్రారంభించాడు. ప్రారంభమైన రెండేళ్ళకే సందర్శకుల గ్యాలరీ చరిత్రకెక్కింది. 1929 ఏప్రిల్ 8న భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ గ్యాలరీ నుండి కేంద్ర శాసనసభలోనికి బాంబులు, కరపత్రాలు విసిరి, పారిపోకుండా అరెస్టయ్యారు. ప్రజా భద్రతా బిల్లు, కార్మిక వివాదాల బిల్లులకు నిరసన తెలపడమే తమ ఉద్దేశమని, ప్రాణహాని తలపెట్టలేదని వారు ప్రకటించారు. ఆ తరువాత సభాధ్యక్షుడు విఠల్‌భాయి పటేల్ చొరవతో 1929 సెప్టెంబరు 3న శాసనసభకు సొంత భద్రతా విభాగం ఏర్పడింది. "వాచ్ అండ్ వార్డ్"గా పిలువబడిన ఈ విభాగం 2009లో పార్లమెంటు భద్రతా సేవగా పేరు మార్చుకున్నది.

2001 డిసెంబరు 13న ఐదుగురు ఉగ్రవాదులు హోం మంత్రిత్వశాఖ నకిలీ స్టిక్కరు అతికించిన కారులో ఆవరణలోనికి చొరబడి కాల్పులు జరిపారు. భద్రతా సిబ్బందితో సహా తొమ్మిది మంది మరణించారు. ఉగ్రవాదులందరూ హతమయ్యారు. తెలుగువాడైన జి.ఎం.సి.బాలయోగి అప్పటి లోక్‌సభ స్పీకరు. దుండగులు సందర్శకుల రూపంలో రాకపోయినా, ఈ దాడి తరువాత సామాన్యుల ప్రవేశంపై కూడా తనిఖీలు కట్టుదిట్టమయ్యాయి.

2020 మార్చిలో కోవిడ్ వ్యాప్తి కారణంగా సందర్శకుల ప్రవేశం నిలిపివేశారు. ఆ ఏడాది సెప్టెంబరు సమావేశాలలో దూరం పాటించేందుకు సభ్యులే గ్యాలరీలలో కూర్చున్నారు. అప్పటి రాజ్యసభ ఛైర్మన్ ఎం.వెంకయ్యనాయుడు.

2023 మే 28న కొత్త పార్లమెంటు భవనం ప్రారంభమైంది. సెప్టెంబరు 19 నుండి సభలు అక్కడ జరుగుతున్నాయి. అదే రోజున పాత భవనానికి సంవిధాన్ సదన్ అని పేరు పెట్టారు. కొత్త భవనంలో లోక్‌సభకు 888, రాజ్యసభకు 384 స్థానాలున్నాయి. 2001 నాటి దాడికి సరిగ్గా 22 ఏళ్ళు నిండిన రోజున, 2023 డిసెంబరు 13న, ఇద్దరు యువకులు గ్యాలరీ నుండి లోక్‌సభలోనికి దూకి పసుపు రంగు పొగ వదిలారు. వారు ఒక సభ్యుని కార్యాలయం ద్వారా పొందిన ప్రవేశ పత్రాలతో వచ్చినవారే. సంతకంతో తీసుకునే బాధ్యతకు ఆచరణలో అర్థమేమిటన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది. సందర్శకుల పత్రాలను వెంటనే నిలిపివేశారు. ఎనిమిది మంది భద్రతా సిబ్బందిని సస్పెండు చేశారు. ఈ ఘటనపై హోం మంత్రి ప్రకటన చేయాలని ప్రతిపక్షం పట్టుబట్టగా, ఆ సమావేశాలలో ఉభయ సభలలో కలిపి 146 మంది సభ్యులు సస్పెండయ్యారు. 2024 మేలో ఆవరణ భద్రతా బాధ్యతలను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగించారు.

ప్రత్యక్ష ప్రసారాలు

గ్యాలరీలో చోటు కొద్దిమందికే దొరుకుతుంది. ఆ కొరతను టెలివిజన్ కొంతవరకు తీర్చింది. 1989 డిసెంబరు 20న రాష్ట్రపతి ప్రసంగం తొలిసారి ప్రత్యక్షంగా ప్రసారమైంది. 2006 జూలై 24న లోక్‌సభ టీవీ మొదలైంది. ఇది 2021లో రాజ్యసభ టీవీతో కలిసి సంసద్ టీవీగా మారింది. అయితే ప్రసారం గ్యాలరీకి పూర్తి ప్రత్యామ్నాయం కాదు. ఏ దృశ్యం చూపాలన్నది ప్రసారం చేసేవారి చేతిలో ఉంటుంది. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్ర ప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ ఆమోదించిన సమయంలో ప్రత్యక్ష ప్రసారం నిలిచిపోయింది. ఇది సాంకేతిక లోపమని అధికారులు వివరించగా, ఉద్దేశపూర్వకమని బిల్లును వ్యతిరేకించిన పలువురు ఆరోపించారు. కోట్లాది తెలుగువారి భవిష్యత్తును నిర్ణయించిన ఘట్టాన్ని వారు టీవీలో ప్రత్యక్షంగా చూడలేకపోయారు.

విద్యార్థులకు అవకాశాలు

పార్లమెంటరీ అధ్యయన, శిక్షణ విభాగం (ప్రస్తుతం దీని పేరు ప్రైడ్) విద్యాసంస్థల బృందాలకు అధ్యయన సందర్శనలు ఏర్పాటు చేస్తుంది. పార్లమెంటు గ్రంథాలయ భవనంలోని పార్లమెంటు మ్యూజియాన్ని 2006 ఆగస్టు 14న రాష్ట్రపతి ఎ.పి.జె.అబ్దుల్ కలాం ప్రారంభించారు.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో కామన్స్ సభ చర్చలు చూడటానికి ఎవరి సిఫారసూ అక్కరలేదు. వరుసలో నిలబడి లోనికి వెళ్ళవచ్చు. ప్రధానమంత్రిని ప్రశ్నించే సమయానికి మాత్రం స్థానికులు తమ సభ్యుని ద్వారా టిక్కెట్టు పొందుతారు. సందర్శకులను "స్ట్రేంజర్స్" అని పిలవడం అక్కడ 2004లో మానివేశారు. అదే ఏడాది గ్యాలరీకి అద్దపు తెర అమర్చారు.

జర్మనీ రాజ్యాంగపు 42వ అధికరణం పార్లమెంటు సమావేశాలు బహిరంగంగా జరగాలని నిర్దేశిస్తున్నది. రహస్యంగా జరపాలంటే మూడింట రెండు వంతుల ఆధిక్యత అవసరం. బెర్లిన్‌లోని రైష్టాగ్ భవనంపై 1999లో పూర్తయిన గాజు గుమ్మటంలోనికి ప్రవేశం ఉచితం. అక్కడ సందర్శకులు సభ పైభాగంలో నడుస్తారు. 2010 చివరలో ఉగ్రవాద హెచ్చరికల తరువాత ముందస్తు నమోదును తప్పనిసరి చేశారు గాని, సభ్యుని సిఫారసు అడగరు. భద్రతా తనిఖీలు మూడు దేశాలలోనూ ఉన్నాయి. పౌరుడు తన గుర్తింపును చూపితే సరిపోతుందా, లేక అతనికి ఒక ప్రజాప్రతినిధి పూచీ ఉండాలా అన్నదే వీటి మధ్య ముఖ్యమైన తేడా.

ఇవి కూడా చూడండి

భారత పార్లమెంటు
లోక్‌సభ
రాజ్యసభ
భగత్ సింగ్
జి.ఎం.సి.బాలయోగి