ధీరోదాత్తుడు – సంశయయుగం

ప్రమాణం లేనిదే దేనినీ విశ్వసించని కాలమిది. పూర్వవీరుల గాథలను పరీక్షించి అత్యుక్తులను వేరుచేయడం పరిశోధకుని విధి. అట్టి పరీక్షకు నిలిచే నాయకుడు ఉన్నాడా, సమాజానికి అతనితో ఇంకా ప్రయోజనముందా అన్నది విచార్యాంశం.

ఈ సంశయం మన శాస్త్రానికి కొత్త కాదు. ధనంజయుడు దశరూపకంలో ధీరోదాత్తునికి గాంభీర్యం, క్షమ, స్థైర్యం, ఆత్మశ్లాఘ లేకపోవడం, పట్టిన వ్రతాన్ని విడువకపోవడం మొదలైన లక్షణాలు చెప్పాడు. వీటిలో విజయం లేదు. హర్షుని నాగానందంలోని జీమూతవాహనుని గూర్చి ధనికుడు అవలోకవ్యాఖ్యలో ఒక పూర్వపక్షాన్ని ఎత్తాడు. ఔదాత్త్యం జిగీష గలవానికే చెల్లుతుంది. రాజ్యాన్ని వదలి, శంఖచూడునికి మారుగా గరుడునికి దేహాన్ని అర్పించినవాడు శాంతుడే కదా అని ఆక్షేపం. శౌర్యంతోగాని, త్యాగంతోగాని, దయతోగాని ఇతరులను మించినవాడే విజిగీషువు. పరులకు అపకారం చేసి అర్థం గ్రహించేవాడు కాడని సమాధానం.

తెలుగుదేశంలో ఈ విషయానికి చక్కని నిదర్శనం కాకతీయ ప్రతాపరుద్రుడు. నాయకుని గుణోత్కర్షే ప్రబంధానికి ప్రతిష్ఠ అని భావించిన విద్యానాథుడు తన అలంకారగ్రంథాన్ని నాయకప్రకరణంతో ప్రారంభించి, తన కాలపు ప్రభువునే లక్ష్యాలన్నింటికీ నాయకుణ్ణి చేశాడు. 1323లో ఓరుగల్లు పతనమైంది. బందీగా కొనిపోబడుతున్న ప్రతాపరుద్రుడు నర్మదాతీరంలో మరణించాడని ముసునూరి ప్రోలయ నాయకుని విలస శాసనం చెబుతున్నది. సుమారు నూరేండ్ల తరువాత, 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం మాత్రం ఆయన స్వేచ్ఛతోనే దివికేగాడన్నది.

చరిత్రకారుడు కాలసామీప్యాన్ని బట్టి విలస శాసనాన్నే గ్రహిస్తాడు, అది న్యాయమే. అంతమాత్రాన రెండవ వాక్యం నిరర్థకం కాదు. మొదటిది రాజు చరిత్రకు ప్రమాణం. రెండవది ప్రజల ఆకాంక్షకు ప్రమాణం. ఓడిన ప్రభువులో సైతం పరాధీనం కాని ధైర్యాన్ని చూడగోరిన సమాజం అందులో కనిపిస్తున్నది.

కాబట్టి సంశయం అత్యుక్తిని తొలగించగలదేగాని, నాయకాపేక్షను తొలగించలేదు. ఆ అపేక్షకు వివేకం తోడు కాకపోతే దర్పం, మాత్సర్యం, కపటం, ఆత్మస్తుతి లక్షణాలుగా గల ధీరోద్ధతుడే ఉదాత్తుని పీఠమెక్కుతాడు. తరగతిలో నాయకలక్షణాన్ని పరీక్షకై వల్లింపజేయడంతో మన బాధ్యత తీరదు. ఉద్ధతుని నుండి ఉదాత్తుని వేరుచేసి గుర్తించే విమర్శదృష్టిని విద్యార్థికి అలవరచడమే నేడు ఆ ప్రకరణానికి పరమప్రయోజనం.