చేలో దొరికిన కూన ఇంటిపిల్లేనా?

పల్లికాయ ఇల్లు చేరిందంటే వెనకే ఎలుక కూడా చేరుతుంది. అమ్రాబాద్, అచ్చంపేట వైపు ఊళ్లలో పిల్లిని పెంచేది ముద్దుకన్నా ముందు ఈ బాధ పడలేకే. అయితే పట్నంలో ఎదురుకాని చిక్కు ఇక్కడ ఒకటుంది. దొరికిన కూన అసలు ఇంటిపిల్లేనా?

అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. పేరు పులిదే అయినా, అడవిపిల్లులకూ ఇదే ఇల్లు. తుప్పురంగు మచ్చల పిల్లి ప్రపంచంలోకెల్లా చిన్న అడవిపిల్లుల్లో ఒకటి, బాగా పెరిగినా కిలోన్నరకు అటూఇటూ తూగుతుంది. జంగుపిల్లి మాత్రం ఎలుకల కోసం చేలల్లోకే వస్తుంది, పొదల్లోనో పైరులోనో ఈనుతుంది. కోతలప్పుడు కూనలు బయటపడతాయి. ఒంటిమీద చారలు చూసి ఊరి పిల్లి కూనలే అనుకుంటారు. పొడుగు కాళ్లు, పొట్టి తోక, చెవి కొసన నల్ల వెంట్రుకలు స్పష్టంగా తెలిసేది పెరిగాకే.

తల్లి వదిలేసి పోలేదు, వేటకు పోయింది. మనుషులు దూరం జరిగితే తిరిగొస్తుంది. రాకపోతే అటవీ సిబ్బందికి చెప్పాలి. జాలితోనైనా సరే ఇంటికి తేకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రాణంతో పట్టుకోవడాన్నీ వేటగానే లెక్కగడుతుంది. మచ్చల పిల్లి లాంటి మొదటి షెడ్యూలు జంతువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు.

కాబట్టి కూనను తెచ్చుకోవాల్సింది చేను నుంచి కాదు, తెలిసినవాళ్ల ఇంటి నుంచి. ముందు తల్లిని చూడాలి. కూనలు వేట నేర్చేది దాన్ని చూసే. ఎలుకలు పట్టే తల్లి బిడ్డను అడిగి తెచ్చుకోవడం తెలివైన పని. రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతుల్లో మెలిగిన కూన మచ్చికవుతుంది. ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండనివ్వాలి.

ముసలివాళ్లే ఉండే ఇంట్లో కాళ్లకు అడ్డంపడే కూనకన్నా నెమ్మదైన పెద్ద పిల్లి నయం. తెల్లటి ఒళ్లు, నీలి కళ్లు ఉన్న పిల్లుల్లో చెవుడు ఎక్కువ. కుక్కలు, బండ్లు తిరిగే వీధిలోకి చెవిటి పిల్లిని వదలకూడదు. మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. కడుపుతో ఉండేది తొమ్మిది వారాలే కాబట్టి ఆపరేషన్ సంగతి ముందే ఆలోచించుకోవాలి. ఇక పర్షియన్ పిల్లి! రోజూ దువ్వాల్సిన బొచ్చు, ఎండకు ఆయాసపడే చప్పిడి ముక్కు. పాలమూరు వేసవిలో దానికీ కష్టమే, యజమానికీ కష్టమే. నాటు పిల్లికి సాటి లేదు.

పెరుగన్నం ఒక్కటే పెడితే చాలదు. టారిన్ అనే పోషకం పిల్లికి మాంసం, చేపల్లోనే దొరుకుతుంది. జ్వరమని పారాసెటమాల్ ఇస్తే ప్రాణమే పోవచ్చు.

అడవి అంచు ఊళ్లలో మరికొన్ని జాగ్రత్తలు తప్పవు. ఇంటిపిల్లి రోగాలు అడవిపిల్లులకు అంటుతాయి, రెండింటి మధ్యా సంకరం కూడా జరుగుతుంది. రాత్రిపూట చిరుతల భయం ఎలాగూ ఉంది. పిల్లిని తెచ్చుకునేవాళ్లు మూడో నెలలో రేబిస్ టీకా వేయించండి, ఈడు రాగానే ఆపరేషన్ చేయించండి, చీకటి పడ్డాక ఇంట్లోనే ఉంచండి.