గుండెను బయటి నుంచి నొక్కితే ఏమవుతుంది?



“గుండె బలహీనమైంది” అన్న మాట మన ఇళ్లలో తరచుగా వింటుంటాం. అయితే కండరం బాగానే ఉన్నా గుండె తన పని చేయలేని పరిస్థితి ఒకటుంది. బయటి నుంచి పడే ఒత్తిడి దానికి కారణం. మన దేశంలో ఈ ఒత్తిడి తెచ్చే ముఖ్యమైన జబ్బుల్లో క్షయ, అంటే టీబీ ఒకటి. సకాలంలో కనిపెడితే చికిత్స ఉంది కాబట్టి దీన్ని అందరూ తెలుసుకోవడం మంచిది.

కండరానికి బలం ఎక్కడిది?

పెద్దవారి గుండె కొట్టుకున్న ప్రతిసారీ సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తం పంపుతుంది. కండర కణాల్లో ఆక్టిన్, మయోసిన్ అనే సన్నని పోగులుంటాయి. క్యాల్షియం అందగానే మయోసిన్ పోగులు ఆక్టిన్ పోగులను పట్టి లాగుతాయి. అప్పుడు కండరం ముడుచుకుంటుంది.

1895లో జర్మనీ శాస్త్రవేత్త ఒట్టో ఫ్రాంక్ కప్ప గుండె మీద, 1914 ప్రాంతంలో లండన్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ కుక్క గుండె మీద పరీక్షలు చేశారు. గుండె గదిలో రక్తం ఎంత బాగా నిండి గోడలు సాగితే, ఒక హద్దు వరకు, గుండె అంత బలంగా ముడుచుకుంటుందని తేలింది. సాగిన పోగులు క్యాల్షియానికి మరింత బాగా స్పందిస్తాయి.

పోగుల మధ్య దూరానికీ ఇందులో పాత్ర ఉంది. ప్రయోగశాలలో కండర కణాలను పక్కల నుంచి కొద్దిగా నొక్కితే పోగులు దగ్గరై, అదే క్యాల్షియానికి ఎక్కువ బలం వస్తుంది. మరీ నొక్కితే బలం తగ్గిపోతుంది.

మొత్తం గుండెను నొక్కినప్పుడు

గుండె చుట్టూ పెరికార్డియం అనే రెండు పొరల సంచి ఉంటుంది. ఆ పొరల మధ్య మామూలుగా 50 మిల్లీలీటర్లకు మించని ద్రవం ఉంటుంది. టీబీ సోకితే అక్కడ నీరు చేరుతుంది. నెమ్మదిగా చేరితే సంచి సాగి, లీటరు దాకా తట్టుకోవచ్చు. వేగంగా చేరితే 200 మిల్లీలీటర్లయినా ప్రాణం మీదికి రావచ్చు. ఒత్తిడి వల్ల గుండె గదులు విచ్చుకోవు, రక్తం నిండదు, గోడలు సాగవు. అందుకే కండరంలో సత్తువ ఉన్నా బలం పుట్టదు.

కొందరిలో నీరు ఇంకిపోయాక పొర మందంగా, గట్టిగా మారి గుండెను బిగించేస్తుంది. లోపలికి రాలేని రక్తం వెనక్కి నిలిచిపోవడంతో మెడ నరాలు ఉబ్బుతాయి, కడుపులో నీరు చేరుతుంది, కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది. చాలామంది దీన్ని కాలేయం జబ్బు అనుకుని నెలలు గడిపేస్తారు. నీరు పోయే మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. నీరు గుండెను నొక్కుతున్నప్పుడు అవి గుండెకు చేరే రక్తాన్ని ఇంకా తగ్గించి ప్రమాదం తేవచ్చు.

చికిత్స, మన వంతు

ఎకో పరీక్షలో గుండె చుట్టూ నీరు కనిపిస్తుంది. సూదితో ఆ నీరు తీస్తే గుండె మళ్లీ నిండుతుంది, బీపీ చాలాసార్లు వెంటనే కోలుకుంటుంది. పొర గట్టిపడితే ఆపరేషన్ చేసి దాన్ని తొలగిస్తారు. తిరుపతి స్విమ్స్‌లో గుండె వైద్య విభాగాలున్నాయి. చిత్తూరు వారికి వేలూరు సీఎంసీ దగ్గరే.

క్షయతో మన ప్రాంతం పోరాటం కొత్తది కాదు. ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం గత శతాబ్దం తొలి దశకాల్లోనే వెలిసింది. గాలీ, విశ్రాంతీ, ఆహారమే అప్పటి ప్రధాన వైద్యం. నేడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ మందులు ఉచితం. సాధారణంగా ఆరు నెలలు మానకుండా వాడాలి. పోషణ కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర ద్వారా దాతలు రోగులకు ఆహార కిట్లు అందించవచ్చు.

కూలికి పోయే మనిషి మందులు మధ్యలో మానేయడానికి చాలాసార్లు కారణం బస్సు చార్జీ, పోయే ఒక రోజు కూలి. ఆ ఖర్చు భరించడం, ఆయాసంతో కాళ్లు వాచినవారిని ఎకో పరీక్షకు తీసుకెళ్లడం, ఆరు నెలలూ వారి ఇంటికి వెళ్లి మందుల సంగతి కనుక్కోవడం మనం చేయగల పనులు. ఆపరేషన్ అవసరమైతే ఎన్టీఆర్ వైద్య సేవ గురించి ఆసుపత్రిలో అడగండి.